రాజా దీన్‌దయాళ్: ఆల్బమే పెట్టుబడిగా నిజాం కొలువు దాకా ఎదిగిన సర్ధనా ఫొటోగ్రాఫర్

1902లో వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ దగ్గర తీసిన ఒక ఫొటో ఇప్పటికీ చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తుంది. నేల మీద చచ్చిపడి ఉన్న పెద్దపులి, దాని వెనక వైస్రాయ్ లార్డ్ కర్జన్, ఆయన భార్య. నిజాం ఏర్పాటు చేసిన వేటకు అతిథులుగా వచ్చినవారు వాళ్లు. ఆ ఫొటో తీసింది రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్ సంస్థ.

ఈ ఫొటో వెనక ముగ్గురి అవసరం ఉంది. వేటకు వచ్చినవాళ్లకు గుర్తుగా ఒక ప్రతి కావాలి. ఆతిథ్యం ఇచ్చిన నిజాం ప్రభుత్వానికి తన దర్జా లోకానికి తెలియాలి. ఫొటో తీసిన సంస్థకు వైస్రాయ్ ముఖం ఉన్న నెగటివ్ ఒకటి చేతిలో ఉండాలి. ముగ్గురిలో ఎవరు ఎవరికి మేలు చేసినట్టు? డబ్బు ఎవరు పెట్టాలి?

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో మోడలింగ్‌లోకి అడుగుపెట్టే యువతీయువకులు ఇవాళ ఎదుర్కొనే మొదటి ప్రశ్న ఇదే. ఫొటోగ్రాఫర్‌కు డబ్బిచ్చి పోర్ట్‌ఫోలియో తయారు చేయించుకోవాలా? ఇద్దరికీ ఫొటోలు మిగులుతాయి కాబట్టి డబ్బు మాట లేకుండా షూట్ చేసుకోవాలా? ఈ లెక్కతో దాదాపు 30 ఏళ్లు గడిపి, అందులోంచి భారతదేశంలోనే పేరుమోసిన స్టూడియోను నిలబెట్టిన మనిషి పుట్టింది కూడా నేటి జాతీయ రాజధాని ప్రాంతంలోనే.

సర్ధనా నుంచి రూర్కీకి

దీన్‌దయాళ్ 1844లో మేరఠ్ దగ్గరి సర్ధనాలో జన్మించారు. ఒకప్పుడు బేగం సమ్రూ ఏలిన జాగీరు అది. ఆమె కట్టించిన చర్చి వల్ల ఆ ఊరి పేరు నేటికీ వినిపిస్తుంది. మేరఠ్ జిల్లా ఇప్పుడు ఎన్‌సీఆర్ పరిధిలో ఉంది.

ఆయనది నగల వ్యాపారం చేసే జైన కుటుంబం. కుమారుడు మాత్రం వేరే దారి పట్టాడు. రూర్కీలోని థామ్సన్ సివిల్ ఇంజినీరింగ్ కళాశాలలో చేరి సాంకేతిక శిక్షణ పొందారు. నేటి ఐఐటీ రూర్కీ ఆ కళాశాల వారసురాలే. ప్రభుత్వ నిర్మాణాలకు కావాల్సిన సిబ్బందిని తయారుచేయడానికి పెట్టిన సంస్థ అది. కొలతలు, డ్రాయింగులు, ఖర్చుల అంచనాలు అక్కడి చదువు.

1866లో ఇందోర్‌లోని ప్రజా పనుల శాఖ కార్యాలయంలో ఉద్యోగం వచ్చింది. ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్ పని. కట్టబోయే వంతెనకో భవనానికో ఎంత ఖర్చవుతుందో లెక్కకట్టి, దాని నమూనా గీయడం ఆయన కొలువు. తర్వాతి జీవితంలో ఈ రెండు నైపుణ్యాలూ ఆయనకు పనికొచ్చాయి. కట్టడాన్ని ఏ కోణం నుంచి చూస్తే దాని రూపం పూర్తిగా తెలుస్తుందో డ్రాఫ్ట్స్‌మన్‌కు తెలుసు. ఏ పనికి ఎంత పెడితే ఎంత వస్తుందో ఎస్టిమేటర్‌కు తెలుసు.

ఉచిత ఫొటో అనేది లేని రోజులు

1870లలో ఇందోర్‌లో ఉద్యోగం చేస్తూనే దీన్‌దయాళ్ కెమెరా పట్టారు. అప్పటికి అది ఆయనకు వ్యాపకం మాత్రమే. అయితే ఆ రోజుల్లో వ్యాపకంగా ఫొటోలు తీయడం కూడా చవకైన వ్యవహారం కాదు.

అప్పటి పద్ధతి తడి ప్లేటు పద్ధతి. గాజు పలకకు కొలోడియన్ అనే జిగట ద్రావణం పూయాలి. దాన్ని చీకట్లో సిల్వర్ నైట్రేట్‌లో ముంచాలి. అది ఆరిపోకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీయాలి, తీసిన వెంటనే కడగాలి. అంటే ఎక్కడికి వెళ్లినా ఒక చీకటి గుడారం, రసాయనాల సీసాలు, గాజు పలకల పెట్టెలు, నీళ్లు, మోసే కూలీలు వెంట ఉండాలి. ఎండలో ద్రావణం త్వరగా ఆరిపోతుంది, దుమ్ము పడితే పలక పాడైపోతుంది.

చిన్న నెగటివ్ నుంచి పెద్ద ఫొటో తీయడం అప్పట్లో సులువు కాదు. ఎంత పెద్ద ఫొటో కావాలంటే అంత పెద్ద గాజు పలక వాడాల్సిందే. ఆ పలకను కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద పెట్టి ఎండలో ముద్రించేవారు. రంగు నిలవడానికి బంగారు లవణం కలిపిన ద్రావణంలో కడిగేవారు. గాజు, వెండి, బంగారం, గుడ్లు, కూలీ అన్నీ కలిస్తే ఒక ఫొటో. డబ్బు తీసుకోకుండా ఫొటో తీశారంటే ఆ ఖర్చంతా ఫొటోగ్రాఫర్ తన జేబులోంచి పెట్టుకున్నాడనే అర్థం.

అందుకే మొదట్లో ఎవరి ఫొటోలు తీయాలన్నది ముఖ్యమైన నిర్ణయం. ఇందోర్ పాలకుడు రెండో తుకోజీరావు హోల్కర్ దీన్‌దయాళ్ పనిని మెచ్చి ప్రోత్సహించారు. ఆయన ద్వారా మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీతో పరిచయమైంది. సంస్థానాలకూ బ్రిటిష్ ప్రభుత్వానికీ మధ్య నడిచే ప్రతి పర్యటనా, ప్రతి దర్బారూ డేలీ కార్యాలయం చేతుల మీదుగానే సాగేది. ఎవరు ఎప్పుడు వస్తున్నారో తెలిసిన ఆఫీసది.

1875–76లో వేల్స్ యువరాజు భారత పర్యటనకు వచ్చినప్పుడు దీన్‌దయాళ్ ఆ సందర్భాన్ని చిత్రీకరించారు. తర్వాత ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి అయింది ఈ యువరాజే. కెమెరా పట్టి కొన్నేళ్లే అయిన ఒక ప్రజా పనుల శాఖ ఉద్యోగికి ఇది మామూలు అవకాశం కాదు. ఇలాంటి పనుల్లో చేతికొచ్చే రూపాయల కన్నా ఆల్బంలో చేరే పేరే విలువైనది.

ఆల్బం తెచ్చిన గుర్తింపు

పోర్ట్‌ఫోలియో అనే మాటకు 19వ శతాబ్దంలో అక్షరార్థమే ఉండేది. విడి ఫొటోలను అట్టలకు అతికించి ఒక సంచిలోనో పెట్టెలోనో పేర్చితే అది పోర్ట్‌ఫోలియో. కొనేవాళ్లు దాన్ని తిరగేసి తమకు కావాల్సిన ఫొటోల నంబర్లు రాసిచ్చేవారు. ఆ నంబర్ల ప్రకారం కొత్త ప్రతులు ముద్రించి పంపేవారు. శామ్యూల్ బోర్న్ వంటి ఆంగ్లేయ ఫొటోగ్రాఫర్లు హిమాలయాల ఫొటోలను ఇలాగే అమ్మి పేరు, డబ్బు రెండూ సంపాదించారు.

దీన్‌దయాళ్ కూడా అదే పద్ధతి పట్టుకున్నారు. ఆయన నెగటివ్‌ల మీద నంబరు, స్థలం పేరు, తన పేరు రాసి ఉండేవి. ఇక్కడే డబ్బు లెక్క మారిపోతుంది. ఫొటో తీసినందుకు ఒకసారి వచ్చే డబ్బు ఒక లెక్క. గాజు పలక తన దగ్గరే ఉంటే దాని నుంచి ఏళ్ల తరబడి వచ్చే డబ్బు ఇంకో లెక్క. మొదటిదాంట్లో నష్టపోయినా రెండోదాంట్లో రాబట్టుకోవచ్చు. కోట, గుడి, లోయ ఫొటో తీయించుకున్నందుకు డబ్బివ్వవు. వాటి నెగటివ్‌లు మాత్రం ఎన్ని ప్రతులైనా ఇస్తాయి.

డేలీ తర్వాత ఆ పదవిలోకి సర్ లెపెల్ గ్రిఫిన్ వచ్చారు. 1880ల మొదట్లో ఆయన బుందేల్‌ఖండ్ పర్యటనకు వెళ్తూ దీన్‌దయాళ్‌ను వెంట తీసుకెళ్లారు. గ్వాలియర్ కోట, ఖజురహో గుళ్లు, సాంచీ స్తూపం, ఓర్ఛా, దతియా రాజభవనాలు కెమెరాకెక్కాయి. ఈ ఫొటోల్లో 80కి పైగా ఎంపిక చేసి 1886లో గ్రిఫిన్ పేరుతో మధ్య భారతంలోని ప్రసిద్ధ కట్టడాల మీద ఒక పెద్ద గ్రంథం వెలువడింది.

పుస్తకం మీద రచయిత పేరు గ్రిఫిన్‌ది. కానీ దాన్ని తెరిచినవాళ్లు ఎక్కువసేపు చూసేది బొమ్మలనే. ఆ కట్టడాలు 1880లలో ఏ స్థితిలో ఉండేవో చెప్పడానికి పరిశోధకులకు నేటికీ ఆ ఫొటోలు సాక్ష్యాలు. దీన్‌దయాళ్ వరకూ చూస్తే, ఒంటరి ఫొటోగ్రాఫర్ సొంత ఖర్చుతో చేరుకోలేని చోట్లకు ప్రభుత్వ బందోబస్తుతో వెళ్లగలగడమే ఈ పర్యటన ఇచ్చిన అసలు ప్రతిఫలం.

ఉద్యోగమా, స్టూడియోనా

1885లో వైస్రాయ్ ఫొటోగ్రాఫర్‌గా ఆయనకు నియామకం దక్కింది. అప్పుడు వైస్రాయ్ లార్డ్ డఫరిన్. ఇలాంటి నియామకం నెలనెలా జీతం తెచ్చే ఉద్యోగం కాదు. స్టూడియో బోర్డు మీదా, ఫొటోల అట్టల మీదా ఆ హోదా అచ్చు వేసుకునే హక్కు. అట్ట వెనక వైస్రాయ్ పేరు చూసిన జమీందారు మరో స్టూడియో మెట్లు ఎక్కడు.

అయినా దీన్‌దయాళ్ సర్కారు కొలువును ఒక్కసారిగా వదిలేయలేదు. 20 ఏళ్ల నౌకరీ, దాని చివర పింఛను ఉన్నాయి. ముందు దీర్ఘకాల సెలవు పెట్టి ఫొటోల సంఖ్య పెంచుకున్నారు. అమ్మకాలు నిలదొక్కుకుంటాయన్న నమ్మకం కుదిరాక పింఛనుతో విరమించుకున్నారు. అప్పటికి ఆయన వయసు 40 దాటింది. వ్యాపకాన్ని వృత్తిగా మార్చుకోవడానికి ఆయన పదేళ్లకు పైగా ఆగారు. ఆ కాలమంతా ఇల్లు నడిచింది జీతంతో, ఆల్బం పెరిగింది కెమెరాతో.

అదే సమయంలో హైదరాబాద్‌లో పరిస్థితులు అనుకూలించాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు 1884లో పూర్తి పాలనాధికారాలు దక్కాయి. 17 ఏళ్ల యువరాజు. వేట, గుర్రాలు, కొత్త వస్తువులంటే ఇష్టం. దేశంలోకెల్లా పెద్ద సంస్థానం ఆయనది. 1880ల మధ్యలో దీన్‌దయాళ్ ఆయన దృష్టిలో పడ్డారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు.

స్టూడియోకు సికింద్రాబాద్‌ను ఎంచుకోవడంలో వ్యాపార దృష్టి ఉంది. ఇటు దండులో బ్రిటిష్ సైనికాధికారులు, వాళ్ల కుటుంబాలు. అటు నగరంలో నిజాం, పాయిగాలు, సాలార్‌జంగ్ కుటుంబం, ఇతర ఉమ్రావులు. బదిలీ మీద వచ్చిపోయే అధికారికి ఇంగ్లండ్‌లోని తల్లిదండ్రులకు పంపడానికి ఫొటో కావాలి. నవాబుకు తన దివాన్‌ఖానా గోడ మీద పెట్టుకోవడానికి ఫొటో కావాలి. ఇద్దరూ డబ్బిచ్చే ఖాతాదారులే.

అద్దాల కప్పు కింద

స్టూడియోలో ఫొటో దిగడం అప్పట్లో ఒక చిన్న వేడుక. కరెంటు దీపాలు లేవు కాబట్టి స్టూడియోలకు ఉత్తరం వైపు అద్దాల కప్పు ఉండేది. వెనక రంగులు వేసిన తెర. పక్కన చెక్కిన కుర్చీ, చిన్న బల్ల, పూలకుండీ. కదిలితే బొమ్మ చెదిరిపోతుంది కాబట్టి తల వెనక కనిపించకుండా ఒక ఇనుప ఊత. 1880లలో ఎండు ప్లేట్లు అందుబాటులోకి వచ్చాక ఈ బాధ తగ్గింది. వాటిని ముందుగానే కొని దాచుకోవచ్చు, తీసిన వెంటనే కడగనక్కర్లేదు.

డబ్బిచ్చి ఫొటో దిగే వ్యక్తికి కొన్ని హక్కులుండేవి. ఏ దుస్తులు వేసుకోవాలో, నిలబడాలో కూర్చోవాలో, చేతిలో కత్తి ఉండాలో పుస్తకం ఉండాలో తనే చెప్పవచ్చు. నచ్చకపోతే మళ్లీ తీయించుకోవచ్చు. నల్లటి మచ్చలను నెగటివ్ మీదే సరిచేయించుకోవచ్చు. ఇంకొంచెం డబ్బిస్తే ఫొటో మీద చేత్తో రంగులు వేయించుకోవచ్చు. దీన్‌దయాళ్ స్టూడియోలో దిగిన ఉమ్రావుల ఫొటోల్లో ఆ ధీమా కనిపిస్తుంది. తమను లోకం ఎలా చూడాలో నిర్ణయించుకున్నది వాళ్లే.

అదే కాలంలో ఇతర దేశాల్లోనూ ఈ లెక్క రకరకాలుగా నడిచింది. 1854లో పారిస్ ఫొటోగ్రాఫర్ డిస్డేరీ ఒకే ప్లేటు మీద పలు చిన్న ఫొటోలు తీసే పద్ధతికి పేటెంటు పొందారు. దాంతో ప్రసిద్ధుల చిన్న ఫొటోలను కొని దాచుకోవడం యూరప్‌లో పిచ్చిగా మారింది. న్యూయార్క్‌లో నెపోలియన్ సరోనీ అనే ఫొటోగ్రాఫర్ రంగస్థల నటీమణులకు తానే ఎదురు డబ్బిచ్చి ఫొటోలు తీసేవారు. ఆ ఫొటోలు అమ్ముకునే హక్కు ఆయనది. పేరు లేనివాళ్లు ఫొటోకు డబ్బిస్తారు, పేరున్నవాళ్లకు ఫొటోగ్రాఫరే డబ్బిస్తాడు. ఆ రెండింటి నడుమ ఉన్నవాళ్లు ఒకరికొకరు సరిపెట్టుకుంటారు. మోడలింగ్ రంగంలో ఈ మెట్లు నేటికీ పెద్దగా మారలేదు.

పరదా వెనక స్టూడియో

హైదరాబాద్‌లో ఒక పెద్ద ఖాతాదారుల వర్గం ఏ స్టూడియోకూ అందకుండా ఉండిపోయింది. పరదా పాటించే ఉన్నత కుటుంబాల స్త్రీలు పరాయి మగవాడి ముందు కూర్చుని ఫొటో దిగే ప్రసక్తే లేదు. డబ్బుకు లోటు లేకపోయినా ఆ గడప దాటే వీలు లేదు.

1892లో దీన్‌దయాళ్ స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల ఫొటోలు తీసేది కెన్నీ-లెవిక్ అనే యూరోపియన్ మహిళ. పల్లకీలోనో బండిలోనో వచ్చి, ఫొటో దిగి, ఎవరి కంటా పడకుండా తిరిగి వెళ్లిపోవచ్చు.

ఇక్కడ వ్యాపారం నిలిచింది నమ్మకం మీద. కోటల ఫొటోలను ఎంతమందికైనా అమ్మవచ్చు. జనానా ఫొటో ఒక్కటి బజార్లోకి వచ్చినా స్టూడియో పరువు, ఆ కుటుంబం పరువు రెండూ పోతాయి. ఫొటో దిగిన మనిషికి ఆ ఫొటో ఎవరి చేతికి వెళ్తుందన్న పట్టింపు ఉంటుందని, డబ్బు ఒక్కటే దానికి జవాబు కాదని ఈ స్టూడియో ఏర్పాటే చెబుతుంది.

సంస్థానానికి అద్దం

నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా దీన్‌దయాళ్ పని స్టూడియోకు పరిమితం కాలేదు. నిజాం వేటకు వెళ్తే కెమెరా వెళ్లేది. విదేశీ అతిథి వస్తే కెమెరా ఉండేది. విందుకు పరిచిన బల్లలు, సైనిక కవాతులు, కొత్తగా కట్టిన భవనాలు అన్నీ గాజు పలకల మీదికి ఎక్కాయి.

వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా ప్యాలెస్ లోపలి గదులు, ఆస్మాన్ జా బషీర్‌బాగ్ ప్యాలెస్ ఆ ఫొటోల్లో కనిపిస్తాయి. బషీర్‌బాగ్ ప్యాలెస్ ఇప్పుడు లేదు, ఆ ప్రాంతానికి పేరుగా మాత్రమే మిగిలింది. 1892లో తయారైన నిజాం రాజ్య దృశ్యాల ఆల్బం ఒకటి తర్వాత లార్డ్ కర్జన్ సేకరణలో చేరింది. సంస్థానాన్ని చూడనివాళ్లకు ఆ ఆల్బమే సంస్థానం.

ఆస్థాన ఫొటోగ్రాఫర్‌కు కూడా కొన్ని పరిమితులుంటాయి. కూలిన గోడను కాదు, కట్టిన గోడను తీయాలి. నిజాం పాలనలో ఉన్న తెలంగాణ పల్లె రైతు, జాగీర్లలో వెట్టి చేసినవాళ్లు ఈ ఆల్బంలలో అరుదుగా కనిపిస్తారు. కనిపించినా వేటలో డప్పు కొట్టి పులిని తోలేవారిగానో, అతిథి వెనక నిలబడ్డ నౌకర్లుగానో. ఎవరు డబ్బిస్తే వారి కన్నుతో చూడాలన్న షరతు రాతలో లేకపోయినా పనిలో ఉంటుంది.

మహబూబ్ అలీ ఖాన్ ఆయనకు ముసవ్విర్ జంగ్ రాజా బహద్దూర్ బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే బొమ్మలు వేసేవాడు. జంగ్ అనే మాటను ఒక ఫొటోగ్రాఫర్ పేరు చివర చేర్చడం ఆ కొలువులో ఆయన స్థానమేమిటో చెబుతుంది. నిజాం స్వయంగా ఆయన కళ మీద ఉర్దూలో కవిత్వం చెప్పారన్న మాట ప్రచారంలో ఉంది. అప్పటి నుంచి లాలా దీన్‌దయాళ్ రాజా దీన్‌దయాళ్ అయ్యారు. కుమారులు ధరమ్‌చంద్, జ్ఞాన్‌చంద్ సంస్థలో భాగమయ్యారు.

1896లో బొంబాయిలో మరో స్టూడియో వెలిసింది. మరుసటి ఏడాది విక్టోరియా రాణి నుంచి రాయల్ వారంట్ అందింది. సర్ధనా నగల వ్యాపారి ఇంటి కుర్రాడు ఇందోర్ మహారాజు, వైస్రాయ్, నిజాం, రాణి అనే నాలుగు మెట్లెక్కారు. ప్రతి మెట్టూ ముందు మెట్టు మీద తీసిన ఫొటోల బలంతోనే ఎక్కారు.

డబ్బివ్వనివాళ్లు, ప్రతి అందనివాళ్లు

ఆయన జీవితంలో ఈ మెట్ల వరసలో ఇమడని ఫొటోలు కొన్ని ఉన్నాయి. 1899–1900లో దేశంలో పెద్ద ప్రాంతాన్ని కరవు కబళించింది. నిజాం రాజ్యంలోని మరాఠ్వాడా జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. ప్రభుత్వం సహాయ పనులు మొదలుపెట్టింది. చెరువులు తవ్వడం, రోడ్లు వేయడం, గంజి పోయడం. వాటిని చిత్రీకరించే పని దీన్‌దయాళ్ సంస్థ చేసింది.

ఔరంగాబాద్‌లో తీసిన ఆ ఫొటోల్లో ఎముకల గూళ్లుగా మారిన పిల్లలు, యువకులు వరసగా నిలబడి ఉంటారు. వెనక రంగుల తెర లేదు, చెక్కిన కుర్చీ లేదు. ఎలా నిలబడాలో వాళ్లు చెప్పలేదు, వాళ్లకు చెప్పారు. ఫొటోకు వాళ్లు డబ్బివ్వలేదు. వాళ్లకు డబ్బిచ్చి ఉంటారనుకోవడానికీ ఆ చిత్రాల్లో ఏమీ కనిపించదు. తమ ముఖం అచ్చయిన కాగితం వాళ్లకు ఒక ప్రతి అందిందనీ అనుకోలేం.

స్టూడియోలో ఫొటో దిగిన నవాబుల పేర్లు అట్టల మీద ఉన్నాయి. కరవు ఫొటోల్లోని పిల్లల పేర్లు లేవు. వాళ్లను గుర్తించేది ఊరి పేరు, సంవత్సరం మాత్రమే. అప్పటికి ఇది దీన్‌దయాళ్ ఒక్కరి పద్ధతి కాదు. 1868–75 మధ్య బ్రిటిష్ ప్రభుత్వం భారత ప్రజల మీద వెలువరించిన 8 సంపుటాల ఫొటో గ్రంథంలోనూ మనుషులు ఎక్కువగా కులానికో తెగకో నమూనాలుగానే కనిపిస్తారు.

ఈ ఫొటోలు తీయకుండా ఉండాల్సిందనడం సులువు కాదు. పాలకులు సహాయం చేశామని చెప్పుకోవడానికి తీయించినవే ఇవాళ కరవు ఎంత ఘోరంగా ఉందో చెప్పే సాక్ష్యాలు. నిజాం కొలువు ఆల్బంలలో వెతికినా దొరకని నిజాం రాజ్యపు ప్రజలు ఇక్కడ కనిపిస్తారు. కానీ ఉచిత ఫొటో అన్న మాటకు రెండు అర్థాలున్నాయని ఇవి గుర్తుచేస్తాయి. యువరాజు ఫొటో తీసినప్పుడు ఫొటోగ్రాఫర్‌కు పేరు, యువరాజుకు ఫొటో దక్కాయి. అది ఇచ్చిపుచ్చుకోవడం. ఔరంగాబాద్‌లో ఒక వైపు నుంచి తీసుకోవడమే జరిగింది.

ఢిల్లీ దర్బారు, ఆ తర్వాత

1902 డిసెంబరు చివరి నుంచి 1903 జనవరి దాకా ఢిల్లీలో దర్బారు జరిగింది. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం పేరుతో కర్జన్ జరిపిన ఉత్సవమది. ఏనుగుల ఊరేగింపు, దేశం నలుమూలల నుంచి వచ్చిన సంస్థానాధీశులు, వేల గుడారాలు. నిజాం కూడా వెళ్లారు. రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్ కెమెరాలు అక్కడ ఉన్నాయి. 1875లో కుర్ర ఫొటోగ్రాఫర్‌గా తాను చూసిన యువరాజు పట్టాభిషేక సంబరాన్ని, తాను పుట్టిన ఊరికి వంద కిలోమీటర్ల లోపు దూరంలో, రాజా హోదాలో ఆయన సంస్థ చిత్రీకరించింది.

అప్పటికే కాలం మారుతోంది. 1888లో కొడాక్ చేతి కెమెరా వచ్చింది. 1900లో బ్రౌనీ కెమెరా ఇంకా చవకగా దొరికింది. స్టూడియోకు వెళ్లే పని లేకుండా ఎవరి ఫొటోలు వాళ్లే తీసుకునే రోజులు మొదలయ్యాయి. పోషకుల మీద, పెద్ద కెమెరాల మీద నిలబడ్డ స్టూడియోలకు ఇది దెబ్బే.

1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించారు. 1905లో దీన్‌దయాళ్ బొంబాయిలో కన్నుమూశారు. అదే ఏడాది చివర్లో మరో వేల్స్ యువరాజు, తర్వాత ఐదో జార్జ్ అయిన వ్యక్తి, భారత్‌కు వచ్చారు. 1906లో ఆయన హైదరాబాద్ వచ్చినప్పుడు సంస్థ ఆ పర్యటనను కూడా ఫొటోలు తీసింది. తండ్రి యువరాజు ఫొటోలతో మొదలైన ప్రయాణం కొడుకు యువరాజు ఫొటోల దాకా వచ్చింది. కానీ మొదలుపెట్టిన మనిషి లేరు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ కూడా మరణించడంతో సంస్థకు పెద్ద అండ పోయింది. ఆ తర్వాత వెనకటి వైభవం తిరిగి రాలేదు.

మళ్లీ ఢిల్లీకి చేరిన గాజు పలకలు

దీన్‌దయాళ్ తీసిన ఫొటోల్లో ఎన్నో కాలక్రమంలో పోయాయి. గాజు పగులుతుంది, రసాయనం పొరలు ఊడుతుంది, తేమకు బూజు పడుతుంది. మిగిలిన వాటిలో 2,857 గాజు నెగటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం కొనుగోలు చేసింది. 2006 నవంబరులో తపాలా శాఖ ఆయన స్మారక బిళ్ల విడుదల చేసింది. 2013లో కెనడాలోని టొరంటోలో రాయల్ ఆంటారియో మ్యూజియం ఆయన ఫొటోలతో పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేసింది.

దీన్‌దయాళ్ జీవితంలో ఉచితంగా తీయడం, డబ్బుకు తీయడం రెండూ ఉన్నాయి. ఏది మేలన్న ప్రశ్నకు ఆయన నడిచిన తీరులో కొన్ని జవాబులు దొరుకుతాయి. వేరే జీతం ఉన్నంత కాలమే ఆయన పేరు కోసం తీశారు. తీసిన ప్రతి ఫొటో నెగటివ్‌నూ నంబరు వేసి భద్రపరిచారు. జనానా స్టూడియోలో ఫొటో ఎవరి చేతికి వెళ్తుందన్న భరోసాను డబ్బు కన్నా ముందు పెట్టారు. ఇవాళ పోర్ట్‌ఫోలియో కోసం వెళ్లే అమ్మాయో అబ్బాయో అడగాల్సినవీ దాదాపు ఇవే: ఈ షూట్ ఖర్చు ఎవరి మీద పడుతోంది, ఫొటోలు ఎవరి దగ్గర ఉంటాయి, రేపు వాటిని ఎవరు ఎక్కడ వాడతారు, నాకు ప్రతి దక్కుతుందా.

ఈ ప్రశ్నలు అడగగలిగినవాళ్ల ఫొటోలు, అడగలేనివాళ్ల ఫొటోలు రెండూ దీన్‌దయాళ్ వారసత్వంలో భాగమే. జరీ అంగీలో కూర్చున్న ఉమ్రావు పేరు చదవవచ్చు. ఔరంగాబాద్‌లో వరసలో నిలబడ్డ పిల్లల పేర్లు ఎవరూ రాసుకోలేదు.